వెలిగోడకు రంగు: మనమే వేయుదమా, పనివారిని పిలుతుమా?

ఇల్లు కట్టి చూడుమని, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిరి. కట్టిన ఇంటిని కాపాడి చూడుమని కూడ చేర్చియుండిన ఆ సామెత నిండుగా నుండెడిది. ఇల్లు కట్టుట ఒక్కమారు ముగియు పని. కాపాడుట ఏటేట తిరిగివచ్చు పని. అందును వెలిగోడల సంగతి మరింత విశేషమైనది. లోపలి గోడకు మన చేతులు, పొయ్యి పొగ మాత్రమే తగులును. వెలిగోడ కడప జిల్లా వేసవిలో నలువది డిగ్రీలు దాటిన ఎండకు మాడి, జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి వానకును, అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య వానకును తడిసి, తడిసినది ఆరి, ఆరినది పగిలి, ఏడాది పొడవునను శిక్ష ననుభవించుచుండును. ఆ శిక్షనుండి గోడను కాపాడు పలుచని కవచమే సున్నము గాని, రంగు గాని.

వానలు వెనుకబట్టి సంక్రాంతి సమీపించినంతనే, ఉగాదికి ముందును, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలోను వాని చుట్టునున్న పల్లెలలోను గృహస్థులకు ఒకే ప్రశ్న తల యెత్తును. ఈ యేడు గోడలకు మనమే పూత వేసికొందమా, లేక మేస్త్రిని పిలిచి గుత్తకిత్తమా? కొందరు కూలి మిగులునని నిచ్చెన యెక్కుదురు. కొందరు తలనొప్పి తగ్గునని పని మొత్తమును ఇతరులకు అప్పగించి కన్నెత్తియైన చూడరు. ఈ రెండును నిర్ణయములు కావు. ఒకటి ఉత్సాహము, ఒకటి బద్ధకము. నిర్ణయమునకు ముందు నాలుగు సంగతులు విచారింపవలెనని మా అభిప్రాయము. గోడ ఎట్టిది? పూత ఎట్టిది? ఎత్తు ఎంత? మన యొద్ద నున్న తీరిక ఎంత? వీనికి సమాధానములు దొరకినచో మొదటి ప్రశ్నకు సమాధానము తనంతట తానే తేలును.

ముందుగా గోడ సంగతి. ఈ మూడు ఊళ్ళ ప్రాంతమున రెండు తరముల ఇండ్లు ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. మొదటి తరమువి పాత మిద్దెలు. రాతిని మట్టితో పేర్చి, సున్నపు గారతో పూత పూసి, దంతెలపై చవుడు పరచిన ఇండ్లవి. రెండవ తరమువి ఇటుక, సిమెంటు, కాంక్రీటు కప్పులతో లేచిన ఇండ్లు. ఈ రెండింటి గోడలును చూపునకు ఒకటే గాని, స్వభావమున వేరు. పాత మిద్దె గోడ నేలనుండి తేమను పీల్చి మెల్లగా వెలుపలికి వదలుచుండును. ఒక విధముగా ఊపిరి తీసికొను గోడ యది. దానిపై సున్నము పూసినచో తేమ సున్నము గుండ బయటికి పోవును. నవనవలాడు రంగు కావలెనను కోరికతో దానిపై గట్టి పొరవంటి ప్లాస్టిక్ రంగు పూసినచో, తేమకు దారి మూసికొనిపోయి లోపలనే నిలిచి, రంగు బొబ్బలెక్కి, పెచ్చులుగా ఊడి, దానితో బాటు గారను కూడ ఊడదీయును. ఇట్టి ఇంటికి ఖరీదైన రంగు మేలు చేయదు, కీడు చేయును. ఈ సంగతి నెరుగని పనివానిని పిలిచినను, ఎరుగక మనమే వేసినను, నష్టము ఒక్కటియే.

రేగడి నేలలున్న పల్లెలలో మరియొక చిక్కు కలదు. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చును. పునాది తగినంత లోతు లేనిచో ఆ కదలిక గోడకెక్కి పగుళ్ళగును. వెండ్రుకవంటి సన్నని పగులు గార యెండుటచేత వచ్చినది. దానిని లప్పముతో పూడ్చి రంగు వేయవచ్చును. కిటికీ మూలనుండి ఏటవాలుగా దిగి, చేతి గోరు దూరునంత వెడల్పుగా నున్న పగులు వేరు జాతిది. దానికి రంగుల పనివాడు వైద్యుడు కాడు. మొదట తాపీ మేస్త్రి చూడవలెను. పగులు పెరుగుచున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన ఉపాయ మొకటి కలదు. పగులు కొసలయొద్ద పెన్సిలుతో గీత గీసి, ప్రక్కన తేదీ వ్రాయవలెను. వానకాలము కడపట ఒకమారు, వేసవి కడపట ఒకమారు చూచినచో గోడ నిలకడగా నున్నదా, కదలుచున్నదా యని తెలియును. కదలుచున్న గోడకు పూసిన రంగు నీటిపై వ్రాతయే.

గోడ అడుగున మూర యెత్తు వరకు తెల్లని పొడి పట్టి, చేయి తగిలిన రాలుచుండుట ఇంకొక లక్షణము. నేలలోని ఉప్పు తేమతో పైకెక్కి, తేమ యారిపోగా మిగిలినదే ఆ పొడి. దానిని నీటితో కడిగినచో కరగి మరల లోనికి పోవును. కావున పొడి కుంచెతో దులిపి, గోడయొద్ద నీరు నిలువకుండ చేసి, వాననీటి గొట్టమును గోడకు దూరముగా సాగదీసి, ఆపైన రంగు మాట తలపెట్టవలెను. పాత మిద్దెలకు కప్పుపై చవుడు సరిచేయుటయు, కాంక్రీటు మిద్దెలకు పిట్టగోడ మొదట నున్న పగుళ్ళను మూయుటయు గోడల పనికి ముందే జరుగవలెను. పైనుండి నీరు దిగుచుండగా క్రింద పూత పూయుట చిల్లికుండకు ముగ్గు పెట్టుట వంటిది.

ఇక పూత సంగతి. ఈ విషయమున కడప జిల్లా భాగ్యము గొప్పది. జమ్మలమడుగు, యర్రగుంట్ల ప్రాంతముల నాపరాయి సున్నపురాయి జాతికి చెందినదే. యర్రగుంట్ల పరిసరముల సిమెంటు కర్మాగారములకు ఆధారము ఆ సున్నపురాయియే. పులివెందులకు చేరువనున్న వేముల ప్రాంతమునను, పూర్వపు కడప జిల్లాలోని మంగంపేటలోను దొరకు ముగ్గురాయి బరువైన తెల్లని ఖనిజము. దానిలో అధిక భాగము చమురు బావులు త్రవ్వు పనికి పోవును గాని, కొంత మెత్తని పొడియై రంగుల డబ్బాలలో కూడ చేరును. అనగా మన గోడకు సున్నము వేసినను, రంగు వేసినను, ఈ గడ్డ రాయియే రూపు మారి మన ఇంటికి తిరిగివచ్చు నవకాశము కలదు.

సున్నము పని చేయు తీరు తెలిసికొనదగినది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమి తగులునట్లు కాల్చినచో దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, నూరు పాళ్ళ శుద్ధమైన రాతికి ఏబదియారు పాళ్ళ కాల్చిన సున్నము మిగులును. దానిని నీట వేసినపుడు బుసబుస పొంగి సలసల క్రాగును. ఆ తడిసున్నము గోడపై పూయగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి మరల రాయియగును. కావుననే సున్నపు పూత ఆరిన దినముకంటె కొలది వారముల పిమ్మట గట్టిగా నుండును. ఈ మార్పు జరుగుటకు కొంత తడి యుండవలెను. మండుటెండలో కాలిన గోడపై పూసిన సున్నము ఈ మార్పునకు ముందే ఎండి పొడియై, ఆనుకొనిన వారి చొక్కాకు అంటును. సున్నము తప్పు కాదది, వేళ తప్పు.

సున్నపు పూతకు ప్రభుత్వ కట్టడముల పనులలో పాటించు కొలతలు గృహస్థునకును పనికివచ్చును. కిలో కాల్చిన సున్నమునకు సుమారు ఐదు లీటర్ల నీరు చేర్చి, బాగుగ కలిపి, ఇరువదినాలుగు గంటలు నిలువ యుంచి, ముతక గుడ్డతో వడియగట్టవలెను. వడిచిన పది లీటర్ల పాలకు నలువది గ్రాముల జిగురును వేడినీట కరగించి కలుపవలెను. తెలుపు తళుకునకు కొంచెము నీలిమందు చేర్చుట మన ఇండ్లలో అలవాటే. గోడను ముందుగా తడిపి, కుంచెను ఒకమారు పైనుండి క్రిందికి, వెంటనే క్రిందినుండి పైకి, అది ఆరకముందే కుడినుండి ఎడమకు, ఎడమనుండి కుడికి నడుపవలెను. క్రొత్త గోడకు మూడు పూతలు కావలెను. పాత గోడకు ఒకటి, రెండు చాలును. ప్రతి పూతయు ఆరిన పిదపనే తరువాతి పూత వేయవలెను. ఇందు నేర్వరాని విద్య ఏమియు లేదు. ఒక అంతస్తు మిద్దెకు సున్నము వేయుట కుటుంబము తన చేతులతో చేసికొనదగిన పనియే.

అయినను ఒక హెచ్చరిక. కాల్చిన సున్నపు గడ్డలను తడుపునపుడు పుట్టు వేడిమి చర్మమును బొబ్బలెక్కించును. తడిసున్నము కంట బడినచో చూపునే హరింపగలదు. తాంబూలపు సున్నపు పొట్లము చిదిమి కన్ను పోగొట్టుకొనిన పసివాండ్ర సంగతి మన దేశమున కంటి వైద్యులెల్లరు నెరిగినదే. కావున గడ్డ సున్నమును ప్లాస్టిక్ బకెట్టులో తడుపరాదు. ఇనుప తొట్టిలో గాని, నేలలో తీసిన గుంటలో గాని ముందుగా నీరు పోసి, ఆ నీటిలో గడ్డలను కొలదికొలదిగా వేయవలెను. గడ్డల కుప్పపై ఒక్కమారుగా నీరు గ్రుమ్మరింపరాదు. పిల్లలను ఆ చుట్టుప్రక్కలకు రానీయరాదు. కంటికి అద్దములు, చేతికి తొడుగులు తప్పనిసరి. అంగడిలో దొరకు తడిపి ఆరబెట్టిన పొడి సున్నము వాడినచో క్రాగుటవలని అపాయము తప్పును. కంటికి మాత్రము అదియు శత్రువే. ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను కంట బడెనా, రెప్పలు విప్పి పట్టుకొని, కనబడు నలుసులను తీసివైచి, ధారగా మంచినీటితో ఇరువది నిమిషములు తక్కువ కాకుండ కడిగి, తోడనే ఆసుపత్రికి కొనిపోవలెను. గృహవైద్యము చేయుచు కాలము గడుపరాదు.

డబ్బాల రంగుల పద్ధతి వేరు. సిమెంటు రంగు పొడిగా వచ్చును. దానిని పూయుటకు ముందు గోడను తడిపి, పూసిన పిదప కూడ నీరు చల్లుచుండవలెను. కలిపిన రంగును గట్టిపడకముందే వాడి ముగింపవలెను. ఎమల్షను రంగు ద్రవముగా వచ్చును. దానికి గోడ పొడిగా నుండవలెను. క్రొత్త సిమెంటు గార వేసిన పిదప కనీసము నాలుగు వారములైన గడువనీయవలెను. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. పాత సున్నపు పూతపై నేరుగా ఎమల్షను నిలువదు. క్రింది సున్నము పొడియై రాలునపుడు పైరంగును తోడుగా తీసికొనిపోవును. ఆ గోడ దీనికి తగినదే యైనచో సున్నమును గోకి, దులిపి, ప్రైమరు పూసిన పిదపనే రంగు వేయవలెను. అరచేతితో గోడను గట్టిగా రుద్ది చూడుడు. చేతికి తెల్లపొడి అంటినచో ఇంకను గోకవలసియున్నదని అర్థము. ఈ గోకు పనియే సగము పని. చూచువారికి కనబడునది పైరంగు. ఏండ్ల తరబడి నిలబెట్టునది క్రింది గోకుడు.

గోకునపుడు మరియొక అపాయము కలదు. పాత తలుపులకు, కిటికీ ఊచలకు, ఇనుప గేట్లకు పూసిన మెరుగు రంగులలో సీసము ఉండవచ్చును. ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు తొంబది పాళ్ళు మించరాదని భారత ప్రభుత్వము 2016లో చేసిన నియమములు 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినవి. అంతకు ముందు పూసిన పొరలకు ఆ హామీ లేదు. సీసపు ధూళి పసివారి మెదడు ఎదుగుదలకు హాని చేయును. ఇంతవరకైన హానిలేదని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టము చేసినది. కావున పాత మెరుగు రంగును పొడిగా రుద్దరాదు. నీటితో తడిపి గోకవలెను. పెచ్చులను గుడ్డపై పట్టి మూటగట్టి తొలగింపవలెను. గర్భిణులు, పసివారు ఆ దినములలో దూరముగా నుండవలెను. పని మనము చేసినను, కూలివారు చేసినను ఈ జాగ్రత్త ఒక్కటే. కూలివాని ఇంటను పసివారుందురు. వాని బట్టలకంటిన ధూళి వారి ఒడికి చేరును.

మూడవది ఎత్తు. మా దృష్టిలో నిర్ణయమును తేల్చునది ముఖ్యముగా ఇదియే. నేలపై నిలిచి గాని, పొట్టి బల్లపై నిలిచి గాని చేయి అందునంత మేర ఎవ్వరైన పూయవచ్చును. గట్టి నేలపై నిలిపిన నిచ్చెనతో ఒక అంతస్తు వరకు, ఎత్తులకు అలవాటు పడిన పెద్దవారు పూయవచ్చును. నిచ్చెన నాలుగడుగుల ఎత్తునకు దాని పాదము గోడనుండి ఒక అడుగు ఎడముగా నుండవలెను. అనగా పండ్రెండడుగుల యెత్తున ఆనిన నిచ్చెనకు మూడడుగుల ఎడము. ఒకరు పైన నున్నపుడు మరియొకరు క్రింద పట్టుకొనియుండవలెను. చేయి చాచి అందని మేరకు ఒరగరాదు. దిగి నిచ్చెనను జరుపుకొనవలెను. కడపటి మెట్లపై నిలువరాదు. ప్రమాదము ఎక్కువగా ఇంకొక్క జానెడు మేర పూసివేయుదమను తొందరలోనే పుట్టును.

రెండవ అంతస్తు మొదలైనచో అది గృహస్థుని పని కాదు. అచ్చట నిచ్చెన చాలదు, పరంజా కావలెను. పరంజా కట్టుట వేరొక విద్య. ప్రొద్దుటూరు వంటి వ్యాపార పట్టణమున ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొని లేచి, సందులు ఇరుకై, మిద్దెల ముంగిట విద్యుత్తు తీగలు సాగియుండుట సామాన్యము. అల్యూమినియము నిచ్చెన గాని, పొడవు కఱ్ఱకు కట్టిన తడి రోలరు గాని తీగకు తగిలినచో క్షమాపణకు తావుండదు. తీగ చేరువనున్న గోడకు పని పెట్టుటకు ముందు విద్యుత్తు శాఖవారితో మాటాడి, సరఫరా నిలిపిన పిదపనే పని సాగింపవలెను. ఈ మాట పనివారిని పిలిచిన ఇండ్లకును వర్తించును.

ఇచ్చట గృహస్థులకు ఒక మాట గట్టిగా చెప్పదలచినాము. ఎత్తు మనకు అపాయకరమైనచో పనివానికిని అపాయకరమే. వానికి అలవాటున్నదను మాట నిజమే. అలవాటు భయమును తగ్గించును గాని, నేల గట్టిదనమును తగ్గింపదు. మిద్దెపైనుండి ఒక్క త్రాడున వ్రేలాడు పలకపై కూర్చుండి, నడుమునకు కట్టు లేకుండ రంగు వేయు మనుష్యుని మనము ఎన్నిమారులు చూడలేదు? వాడు జారినచో ఒక ఇంటి సంపాదన జారును. తక్కువ ధరకు ఒప్పుకొనిన మేస్త్రి ఆ తగ్గింపును పరంజాలోనే, నడికట్టులోనే మిగుల్చుకొనునేమో విచారింపవలెను. రెండు గుత్తలు పోల్చునపుడు మొత్తమును మాత్రమే పోల్చక, పరంజా ఎవరు తెత్తురు, నడుమునకు కట్టు కలదా, తలకు టోపీ కలదా యని అడుగుడు. కట్టడ కార్మికుల సంక్షేమమునకై 1996లో చేసిన చట్టమువలన రాష్ట్రములందు సంక్షేమ మండలులు ఏర్పడినవి; రంగుల పనివారును అందు చేరదగినవారే. మీ ఇంటికి వచ్చిన పనివాడు పేరు నమోదు చేసికొనెనా యని అడిగి, చేసికొననిచో చెప్పుట కూడ గృహస్థుని ధర్మమే. మధ్యాహ్నపు ఎండలో పని నిలిపి నీడపట్టున విశ్రమింపనిచ్చుటయు, చల్లని త్రాగునీరు అందించుటయు వేరుగ చెప్పవలసిన పని లేదు.

నాలుగవది తీరిక, దానితో కూడిన లెక్క. కూలి ధరలు ఊరూరికి, ఏటేటికి మారును గనుక ధరలు చెప్పక లెక్క కట్టు విధము చెప్పెదము. పులివెందుల ప్రాంతమున ఒక కుటుంబము ముప్పది అడుగుల వెడల్పు, నలువది అడుగుల పొడవుగల ఒక అంతస్తు ఇల్లు కట్టుకొన్నదనుకొందము. చుట్టుకొలత 140 అడుగులు. గోడ పదడుగులు, పైన పిట్టగోడ మూడడుగులు కలిసి పదమూడడుగుల ఎత్తు. రెంటిని గుణించినచో 1,820 చదరపు అడుగులు. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పుగల తలుపులు రెండు, నాలుగడుగుల చదరపు కిటికీలు ఆరు తీసివేసినచో 138 చదరపు అడుగులు పోయి 1,682 మిగులును. సుమారు 1,700 అనుకొందము. ఎమల్షను రంగు లీటరు రెండు పూతలకు ఏబది చదరపు అడుగులు వచ్చునని ఉజ్జాయింపుగా పెట్టుకొన్నచో ముప్పదినాలుగు లీటర్లు కావలెను. గరుకు గోడ ఇంకను ఎక్కువ త్రాగును. డబ్బాపై వ్రాసిన కొలత చూచి సరిచేసికొనవలెను.

ఇక చేతిపని. అలవాటు లేని మనుష్యుడు నిచ్చెన జరుపుకొనుచు గంటకు నూరు చదరపు అడుగులు పూయునని ఉంచుకొందము. ఒక పూతకు పదునేడు గంటలు. ప్రైమరు ఒకటి, రంగు రెండు కలిసి మూడు పూతలకు ఏబదియొక్క గంటలు. గోకుట, దులుపుట, లప్పము పెట్టి గరుకు కాగితముతో రుద్దుట వీనికి ఇంకొక ముప్పది గంటలు. అన్నియు కలిసి ఎనుబది గంటలకు పైమాటే. ఎండవేళలు వదలి దినమునకు నాలుగు గంటలు పనిచేసినచో ఒక్కనికి ఇరువది దినములు, ఇరువురికి పది దినములు. ఇప్పుడు గుత్తలో కూలి భాగమును ఒక ప్రక్క వ్రాయుడు. రెండవ ప్రక్క కుంచెలు, రోలర్లు, నిచ్చెన బాడుగ, ఆ దినములలో మీరు పోగొట్టుకొను సంపాదన వ్రాయుడు. పండుగ ముందు బేరము జోరుగా నుండు ప్రొద్దుటూరు బట్టల వ్యాపారికి ఇరువది దినములు అంగడి విడుచుట కూలికంటె ఎక్కువ ఖర్చు. పంట ఇంటికి చేరి కొంత తీరిక దొరకిన రైతు కుటుంబమునకు అదే ఇరువది దినములు మిగులుబాటు. లెక్క ఒకటే, సమాధానములు రెండు.

ఇట్లు విచారించినచో మూడు విధములైన ఇండ్లకు మూడు తీర్పులు తేలుచున్నవి. జమ్మలమడుగు చుట్టుప్రక్కల రాతి మిద్దెవంటి పాత ఇంటికి సున్నమే తగినది. ఒక అంతస్తే యైనచో ఇంటివారే వేసికొనవచ్చును. ప్రొద్దుటూరు వీధులలోని రెండు మూడంతస్తుల ఇంటికి పనివారే రావలెను. గృహస్థుడు పర్యవేక్షించుటతో తృప్తి పడవలెను. పులివెందుల లెక్కలో చూపిన ఒంటి అంతస్తు కాంక్రీటు ఇంటికి మధ్యే మార్గము మేలు. గోకుట, కడుగుట, ప్రహరీగోడ, చేయి అందునంత వరకు గోడలు ఇంటివారు చేసికొని, సజ్జలకు పైభాగమును, పిట్టగోడ వెలుపలి ముఖమును పనివారికి విడుచుట. ఇట్లు పంచుకొన్నచో ఖర్చు తగ్గును, అపాయము తగ్గును. ఒక్క జాగ్రత్త: రంగు డబ్బాలన్నియు ఒకే మారు కొని, పెద్ద తొట్టిలో కలిపి వాడనిచో పైగోడ ఒక ఛాయ, క్రిందిగోడ ఒక ఛాయ యగును.

ఇంటివారు నిర్భయముగా చేసికొనదగిన పని ఇంకొకటి కలదు. అది పిట్టగోడ చుట్టునున్న కాంక్రీటు మిద్దెపై వేసవికి ముందు తెల్లసున్నము పూయుట. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. లోపలి గది వేడిమి తగ్గును. గ్రీసు దేశపు ద్వీపములలో ఇండ్లు తెల్లగా మెరయుటకు ఇదియు నొక కారణము. అహమ్మదాబాదు నగరము 2017లో పేదల ఇండ్ల కప్పులకు సున్నము పూయించినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమునే ప్రకటించినది. సమతలమైన నేలపై నిలిచి చేయు పని గనుక, ప్రొద్దుననో సాయంకాలమో పూనుకొని, అంచులయొద్ద వెనుకకు నడువకుండ జాగ్రత్త పడినచో కష్టము లేదు. మిద్దెపై సున్నము వానకు కరగును గనుక ఏటేట మరల వేయవలెను.

పనివారిని పిలువ నిశ్చయించినవారు నోటి మాటతో సరిపుచ్చక, ఒక కాగితముపై కొన్ని సంగతులు వ్రాసికొనవలెను. గోకుట, పగుళ్ళు పూడ్చుట గుత్తలో చేరినదా? ప్రైమరు ఎన్ని పూతలు, రంగు ఎన్ని పూతలు? ఏ కంపెనీ, ఏ రకము? డబ్బాలు ఎవరు కొందురు? గోడ కొలత ఎంత, తలుపులు కిటికీలు తీసివేసిరా? కొలత ఇరువురును కలిసి టేపుతో కొలిచినచో తగవుండదు. ముద్ర విప్పని డబ్బాలు మీ యెదుట విప్పవలెను. డబ్బాపై చెప్పిన పాళ్ళకు మించి నీరు కలుపరాదు. మొదటి పూత ఆరిన పిదప రెండవ పూతకు ముందు ఒకమారు చూచుట మీ హక్కు. మొదటి పూతకును రెండవ పూతకును ఛాయలో లేశమాత్రము భేదముండునట్లు కలిపించినచో ఎచ్చట వదలిరో కంటికి తెలియును. సొమ్ము విడతలుగా ఇచ్చి, కడపటి విడత పని ముగిసి నేల తుడిచిన పిదప ఇవ్వవలెను. అట్లే, మాట ప్రకారము ముగించినవానికి కడపటి విడతను ఆలస్యము చేయరాదు. రేపు రమ్ము, ఎల్లుండి రమ్మని కూలివానిని త్రిప్పుట కల్తీ రంగు పూయుటకంటె తక్కువ దోషము కాదు.

వేళ విషయమున ఇరుపక్షములకును ఒకే నియమము. వానలు వెనుకబట్టిన డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ ప్రాంతమున వెలిగోడల పనికి మంచి కాలము. ఉగాదికి చేయదలచినవారు ఎండ ముదురకముందే ముగింపవలెను. నీడను వెంబడించి పూయవలెను. ఉదయము పడమటి గోడ, సాయంకాలము తూర్పు గోడ. మబ్బు పట్టిన దినమున ఎమల్షను విప్పరాదు.

ఇంటికి రంగు వేయుట వీధికి శోభ కొరకు మాత్రమే కాదు. గోడ ఆయుస్సు కొరకు. ఆ గోడ ఆయుస్సు పెంచుటకై మనుష్యుని ఆయుస్సు పణముగా పెట్టరాదు. కాళ్ళు నేలపై నున్నంత మేర మన కుంచె, నేల విడిచిన చోట తగిన పరంజాతో వచ్చిన పనివాని కుంచె. ఈ హద్దు గీసికొన్న పిదప మిగిలినదెల్ల బేరము, ఓపిక, వాతావరణము. రేపు ఉదయము ఎండ యెక్కకముందు ఒకమారు ఇంటి చుట్టు తిరిగి, అరచేతితో గోడను రుద్ది, పగుళ్ళకు తేదీలు వ్రాసి, టేపుతో చుట్టుకొలత కొలిచి చూడుడు. సగము నిర్ణయము అచ్చటనే జరిగిపోవును.